నాటకం మాట, మన ఇంటి మాట – 3వ పాఠం: తాంబూలాలు

పోయిన పాఠంలో గురజాడ నాటకం 'కన్యాశుల్కం'లోంచి గిరీశం చివరి మాట ఇచ్చి, మీ జీవితంలోంచి దానికి సరిపోయే సందర్భం రాసుకోమన్నాను. "డామిట్, కథ అడ్డంగా తిరిగింది!" బస్సు తప్పిపోయిందనో, కరెంటు పోయిందనో రాసుకుని ఉంటే కొట్టేయండి. గిరీశం కథ ఊరికే అడ్డం తిరగలేదు, అతని గుట్టు బయటపడి తిరిగింది. జ్వరమని సెలవు పెట్టి, సినిమా హాల్లో మేనేజరుకే ఎదురుపడ్డారనుకోండి, అప్పుడు ఆ మాట అతుకుతుంది.

ఈసారీ 'కన్యాశుల్కం'లోంచే. వేరే నాటకానికి వెళదామనుకున్నాను గానీ గురజాడ వదిలితేగా!

"తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి."

ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అప్పటికే ఏం జరిగిపోయింది? మాట వాడే ముందు ఈ మూడూ చూసుకోవాలి. అన్నది అగ్నిహోత్రావధాన్లు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే విధవై పుట్టింట్లో ఉంది. అయినా పసిపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లకు కుదిర్చేశాడు. భార్య వద్దంటోంది, బావమరిది కరటకశాస్త్రి వద్దంటున్నాడు. వాళ్ల నోరు మూయించడానికి అన్న మాట ఇది. కాబట్టి 'పని అయిపోయింది' అనే అర్థంలో వాడితే చప్పగా ఉంటుంది. నష్టపోయేవాళ్లను అడక్కుండా ఎవరో ఖాయం చేసేసి ఉండాలి.

ఇప్పటి తాంబూలం పేరు అడ్వాన్స్. మా పెదనాన్న ఒకసారి ఎవరినీ అడక్కుండా అక్క పెళ్లికి ఊరవతల ఎక్కడో ఫంక్షన్ హాలు మాట్లాడేసి, "అడ్వాన్స్ ఇచ్చేశా" అన్నాడు. పెద్దమ్మ వంటింట్లోంచే, "సరే, తన్నుకు చస్తాం లెండి" అంది. అందరం గొల్లున నవ్వాం, పెదనాన్న తప్ప.

ఆవిడ మొదటి సగం అననే లేదు, ఆ సగం పెదనాన్నే అనేశాడు కదా. మిగిలిన సగాన్ని 'చస్తాం' అని తనవైపు తిప్పుకుంది. మాట మొత్తం అప్పజెప్పకుండా ఇలా సగంలో అందుకోవడమే ఈ పాఠంలో నేర్చుకోవలసింది. అన్నట్టు, నాటకంలో ఆ తాంబూలాలు నిలబడలేదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెట్టాడు. మా హాలు కూడా మారింది, అడ్వాన్స్ మాత్రం తిరిగి రాలేదు.

వచ్చే పాఠానికి: "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్." గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో అన్నది. ఆ శిష్యుడికి అబ్బింది చుట్ట కాల్చడమే అని గుర్తుంచుకుని, ఈ మాట మీ చుట్టూ ఎవరికి అతుకుతుందో రాసుకోండి. మీ పేరు కూడా పరిశీలించండి.