సెంటు వాసనలో మనిషిని పట్టుకోవడం ఎలా

ఈ సెంటు బాగుందా అని అడిగితే నేను జవాబు చెప్పను. ఎవరిలా ఉంది అని అడగండి, చెప్తాను.

ఒడిశాలో బరంపురం బడా బజారు దగ్గర మాది గాజులూ అత్తర్లూ అమ్మే చిన్న కొట్టు. పొద్దున పూట మా ఆయన కూర్చుంటారు, భోజనాల వేళ నుంచి నేను. పెళ్ళి బజారుకని ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చే మనవాళ్ళూ, ఊళ్ళో ఒడియా వాళ్ళూ అందరూ ఒకటే అంటారు, "మంచి వాసనొచ్చేది చూపించండమ్మా" అని. పది సీసాలు మూతలు తీసి ముక్కు మొద్దుబారాక మొదటిదే పట్టుకెళ్ళిపోతారు. వాసన గురించి చెప్పమంటే తియ్యగా ఉంది, ఘాటుగా ఉంది అన్నాక ఎవరికీ మాట రాదు. అదే మనిషి గురించైతే ఆగేదెవరు? పక్కింటావిడ మీద చెప్పమంటే గంటసేపు చెప్తాం. ఆ నోటినే సెంటుకి వాడుకోవడం ఎలాగో చెప్తాను.

ముందు సరంజామా. మందపాటి డ్రాయింగు షీటు కొని వేలి వెడల్పున పట్టీలు కత్తిరించుకోండి. వార్తాపత్రిక పనికిరాదు, సిరా వాసన. పట్టీకి ఒక చివర పెన్సిలుతో నంబరు వేసి, రెండో చివర ఒక్క చుక్క వెయ్యండి. స్ప్రే సెంటైతే ఒకసారి కొట్టి అర నిమిషం ఆగాలి, స్పిరిట్ ఎగిరిపోవాలి. పట్టీ ముక్కుకి ఆనించొద్దు. అత్తరు ముక్కుకి అంటుకుందంటే ఇక ఆ పూటంతా అదే. ఒక్కసారికి మూడు, మహా అయితే నాలుగు. తలకి కొబ్బరి నూనె రాసుకున్న రోజూ, అగరొత్తి వెలుగుతున్న గదిలోనూ, ఎండుచేపలు వేయించిన పూటా ఈ పని పెట్టుకోకండి. పెద్ద షాపుల్లో మధ్యమధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు. పరీక్ష పెట్టి చూసినవాళ్ళు దానికీ మామూలు గాలికీ తేడా కనపడలేదన్నారు. గుమ్మంలోకెళ్ళి రెండు నిమిషాలు నిలబడండి, చాలు.

సీసా మాత్రం చూడకండి. చుక్క వేసే పని ఇంకొకళ్ళకి అప్పగించండి. సీసా మీద ప్రకటనవాళ్ళు ముందే ఒక మనిషిని నిలబెట్టి ఉంచారు, గుర్రం మీద ఒకడో, సముద్రపొడ్డున ఒకత్తో. అది కళ్ళబడ్డాక మీ మనిషి రాడు. సినిమావాళ్ళ పేర్లు కూడా ఒద్దు. ఫలానా హీరోలా ఉంది అంటే ఆ హీరో గురించి చెప్పినట్టే గానీ వాసన గురించి చెప్పినట్టు కాదు.

ఇప్పుడు పట్టీ పట్టుకుని, ఎవరో గుమ్మంలోకి వస్తున్నారనుకోండి. ఆడా మగా అన్నది ఆఖర్న. డబ్బా మీద రాసే ఆ మాట అమ్మకం కోసం. ముందు వీటి సంగతి చూడండి: వయసెంత? గొంతు ముందొస్తుందా, మనిషి ముందొస్తుందా? పెళ్ళికి ముందు రోజే దిగిపోయే రకమా, భోజనాల టైముకి వచ్చే రకమా? చేతిలో ఏముంది? వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్తారా, చూస్తే కుర్చీ ఖాళీగా ఉంటుందా? ఈ చివరిదానికి జవాబు సాయంత్రానికి గానీ తెలీదు. అందుకే వేసిన వెంటనే ఒకసారి, అరగంటకోసారి, పొద్దుగూకాక ఒకసారి, మూడుసార్లు చూడాలి. మూడుసార్లూ విడివిడిగా రాయాలి. మొదటి నిమిషంలో కనపడ్డ మనిషిని నమ్మి డబ్బు ఖర్చు పెట్టొద్దు.

మొగలితో మొదలెట్టండి. మన గంజాం జిల్లా సరుకు. ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఇవి విరివి. మొగలినే ఇక్కడ కేవడా అంటారు, గంజాం కేవడా రూహ్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మగ చెట్టు పువ్వుకే ఆ వాసన. పొద్దున్నే కోసి, పువ్వు లెక్కన అమ్మి, వాడిపోకముందే దగ్గర్లోని బట్టీకి చేరుస్తారు. డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళూ పువ్వులూ వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి మంట పెడితే, ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ళ తొట్టిలో కూర్చున్న భాప్కా అనే పాత్రలోకి దిగుతుంది. భాప్కాలో చందనం నూనె పోసి ఉంటే అది అత్తరు. చందనం పిరమై పోయాక దాని బదులు పారఫిన్ పోసేవాళ్ళూ ఉన్నారు. ఏమీ కలపకుండా పట్టినది రూహ్, కిలో లక్షల్లో పలుకుతుంది. మా కొట్లో రూహ్ ఉండదు, అడక్కండి.

మొగలి అత్తర్లో నాకు కనపడేది పెద్ద మేనత్త. ఆటో దిగకముందే గొంతు వీధంతా వినపడుతుంది. మొదటి నిమిషం పచ్చి ఘాటు, ముక్కు లోపల చుర్రుమంటుంది. అదీ ఆవిడ రాక. వస్తూనే పందిరి వంకరగా ఉందంటుంది, వంటవాళ్ళని నాలుగు తిడుతుంది. అరగంటయ్యాక చూడండి, పెళ్ళికూతురి జడ ఆవిడ చేతుల్లో ఉంటుంది, మొగలి రేకులు పెట్టి కుడుతూ ఉంటుంది. అప్పుడు వాసనలో గులాబీ, తేనె కలిసిన తీపి బయటపడుతుంది. తిట్లు ఆగలేదు గానీ కసురు తగ్గింది. పొద్దుగూకాక అసలు చందనం పోసిన అత్తరైతే ఆవిడ పెరట్లో చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చునుంటుంది. గొంతు లేదు, పెద్దరికం ఉంది. పంపకాలన్నీ అయ్యాక గానీ వెళ్ళదు, వెళ్తూ అందరికీ పేరుపేరునా చెప్తుంది.

నకిలీ పట్టుకోవడానికీ ఈ పద్ధతే. మొగలి వాసనలో పెద్ద వాటా ఫెనెథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థానిది. ఫ్యాక్టరీలో చవగ్గా తయారవుతుంది. అదొక్కటే పోసిన సీసాలో మిమిక్రీవాడు తీసినట్టు అత్త గొంతు ఉంటుంది, అత్త ఉండదు. పొద్దున తిట్టిన తిట్టే సాయంత్రం దాకా తిడుతుంది. జడ దగ్గరికి రాదు.

కన్నౌజ్ మట్టి అత్తరు ఇచ్చి ఎవరిలా ఉంది అంటే అందరూ రైతు అంటారు. అది వాసన చూసి చెప్పింది కాదు, పేరు విని చెప్పింది. కాల్చిన మట్టిని డేగులో వేసి, ఆవిరిని చందనం నూనెలోకి దించి తీస్తారు దాన్ని. పేరు చెప్పకుండా ఇస్తే నాకు కనపడిన మనిషి సూరత్ మగ్గాల మీద పనిచేసి ఇంటికొచ్చిన కుర్రాడు. మా గంజాం నుంచి వేలమంది వెళ్తారు కదా. రైలు దిగాడు, బయట చినుకులు మొదలయ్యాయి, బ్యాగు భుజానే ఉంది, ఆటో మాట్లాడుకోకుండా అలాగే నిలబడ్డాడు. అరగంటకి కూడా అక్కడే ఉంటాడు. ఈ అత్తరు పెద్దగా మారదు, అదే దాని గుణం.

వట్టివేరు రిటైరైన పోస్టుమాస్టరు. ఇస్త్రీ చొక్కా, తక్కువ మాట. శమామా అనే అత్తరు జోలికి ఇప్పుడే పోకండి. అందులో పడే మూలికలూ మసాలాలూ అన్నీ ఇన్నీ కావు. కథ మొదలెట్టి ఎంతకీ ముగించని పెద్దమనిషి. నాకంత ఓపిక లేదు.

తరవాత పై దేశాలవి. దుబాయ్‌లో ఉండే చుట్టాలెవరైనా ఉంటే చిన్న సీసాలు తెప్పించుకోండి. షానెల్ నంబర్ 5 ఎర్నెస్ట్ బో చేతిలో తయారై 1921లో వచ్చింది. అల్డిహైడ్లు అనే రసాయనాలు అందులో దండిగా పడ్డాయి. అందుకే మొదట సబ్బూ, అప్పుడే ఆర్పిన కొవ్వొత్తీ తగుల్తాయి, మల్లె గులాబీ తరవాత. నాకు కాన్వెంటు హెడ్‌మిస్ట్రెస్ కనపడింది. భయం, గౌరవం కలిగాయి, ఇష్టం కుదర్లేదు. మా వదినకి అదే పట్టీ ఇస్తే, "హెడ్‌మిస్ట్రెస్సేటే, నర్సమ్మ! చేతులు కడుక్కుని మరీ వచ్చీసింది" అంది. మనుషులు వేరైనా నడక ఒకటే చూడండి, ఇద్దరూ శుభ్రం, ఇద్దరూ చనువివ్వరు. మీ రాతని ఇలా ఇంకొకళ్ళ చేత సరిచూసుకోవాలి. ఉద్యోగం కలవక్కర్లేదు, స్వభావం కలిస్తే మీరు వాసననే చూసినట్టు. అస్సలు కలవకపోతే వాదన పెట్టుకోకండి. కొందరి ముక్కుకి కొన్ని కస్తూరి రసాయనాలు తెలియనే తెలియవు, వాళ్ళకది ఉత్త కాగితమే.

1992లో వచ్చిన ఏంజెల్ అనే సెంటులో ఎథైల్ మాల్టాల్ అనే రసాయనం ఉంది, పీచు మిఠాయి వాసన దాన్దే. రెండేళ్ళకోసారి జరిగే మా ఠాకురాణి అమ్మవారి యాత్రలో పీచు మిఠాయి పట్టుకుని తిరిగే పద్దెనిమిదేళ్ళ పిల్ల అనుకుంటారు. ఆగండి. వెనక పచౌలీ అనే ఆకు నూనె ఉంది, మట్టి వాసన, ముదురు. ఆ పిల్ల నవ్వుతూనే నా దగ్గర గాజులు సగం ధరకి బేరమాడి పట్టుకుపోతుంది. నాకు నచ్చిన పిల్ల. 1988 నాటి కూల్ వాటర్ సెంటు మాత్రం కొత్తగా బ్యాంకులో చేరిన అబ్బాయి. పాపం మంచివాడే. డైహైడ్రోమిర్సెనాల్ అనే ఆ చల్లటి శుభ్రత తరవాత ఎన్నో డియోడరెంట్లలోకి వచ్చేసింది, ఇప్పుడు బస్సులో పదిమంది వాడిలాగే ఉంటారు.

పట్టీ మీద మనిషి కుదిరాక ఒంటికి రాసుకుని చూడండి. అత్తరైతే గాజు పుల్లతో మణికట్టు లోపలి వైపు ఒక్క గీత, రుద్దకండి. బట్టల మీద వద్దు, పట్టు చీరకైతే మరక పోదు. మే నెల ఉక్కలో, గోపాల్‌పూర్ వైపు నుంచి ఉప్పగాలి కొట్టే రోజుల్లో మొగలి అత్త మరీ మీద పడుతుంది. ఆవిడని సంక్రాంతికి పిలవండి. ఎండాకాలం పోస్టుమాస్టరు గారు చాలు.

కొనేటప్పుడు తులం సీసా అడక్కండి, మూడు మిల్లీలది చాలు. ఇంటికి తీసుకెళ్ళి, ఎవరూ రాని రోజు రాసుకుని, ఆ మనిషితో ఒక పూటంతా గడపండి. రాత్రి వంట వేళకి కూడా ఇంట్లోంచి పంపెయ్యాలనిపించకపోతే అప్పుడు పెద్దది తీసుకోండి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆదివారం వచ్చి కూర్చుని చూస్తామంటే మాత్రం నా వల్ల కాదు, సోమవారం మధ్యాహ్నం రండి, పట్టీలు కత్తిరించి పెడతాను.