బెల్లం పరమాన్నం విరిగిపోకుండా ఇలా కుదిరింది

మా ఇంట్లో రాత్రి భోజనం తర్వాత వేడివేడిగా పరమాన్నం ఉంటే పిల్లలకి ఇంకేమీ అక్కర్లేదు. కానీ బెల్లం వేయగానే పాలు విరిగిపోయేవి, వరుసగా 3 సార్లు అలాగే అయింది, చివరిసారి ఇంటికి చుట్టాలు కూడా వచ్చి ఉన్నారు, ఒకటే టెన్షన్. మొదట పాలు మంచివి కావనుకుని ప్యాకెట్ మార్చాను. ఫలితం లేదు.

అసలు సంగతి ఏంటంటే, బెల్లంలో కొంచెం పులుపు గుణం ఉంటుంది, అది మరిగే పాలలో పడితే విరుగుతాయి. కొన్ని బెల్లాలతో ఏమీ కాదు, కొన్నిటితో వెంటనే విరుగుతాయి, అందుకే నాకు ఇన్నాళ్లు అర్థం కాలేదు.

ఇప్పుడు చేసేది ఇది. అర గ్లాసు బియ్యం, 2 చెంచాల పెసరపప్పు కడిగి, గ్లాసు నీళ్లు, 3 గ్లాసుల కాచిన పాలు పోసి సన్న మంట మీద మెత్తగా ఉడికిస్తాను. మెతుకు వేళ్ల మధ్య నలిగిపోవాలి, ఎందుకంటే బెల్లం పడ్డాక బియ్యం ఇక ఉడకదు. ముప్పావు గ్లాసు బెల్లం తురుము పక్క గిన్నెలో కాసిని నీళ్లతో కరిగించి, వడకట్టి (ఇసుక ఎంత వస్తుందో చూడండి!) చల్లారనిస్తాను. పొయ్యి కట్టేసి, అన్నం 10 నిమిషాలు ఆరాక, అప్పుడు ఆ బెల్లం నీళ్లు పోసి కలపడమే. మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు.

నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్, యాలకుల పొడి ఆఖర్న. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి కాస్త జారుగా ఉన్నప్పుడే దించండి.