టోలర్‌ని పెంచాలంటే ముందు దాని ఆట అర్థం కావాలి

టోలర్ అనే జాతి కుక్కని తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ఫొటోలు చూసి మనసు పారేసుకోకండి, ముందు దాని అరుపు వినండి. అది మొరగడం కాదు, ఊళా కాదు, గొంతు చించుకుని పెట్టే కీచుమనే కేక. మీరు బంతి చేతిలోకి తీసుకున్నా, కారు చెరువు వైపు మలుపు తిరిగినా, అవతల ఇంకో కుక్క పరిగెడుతూ కనబడినా ఆ కేక వచ్చేస్తుంది, మొదటిసారి విన్నవాళ్ళు పాపం దానికేదో దెబ్బ తగిలిందనుకుని పరిగెత్తుకొస్తారు. అపార్ట్‌మెంట్‌లో, పక్కవాళ్ళ మాటలు కూడా వినబడే గోడల మధ్య ఉండేవాళ్ళయితే ఈ ఒక్క విషయం మీద ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

పూర్తి పేరు నోవా స్కోషియా డక్ టోలింగ్ రిట్రీవర్. కెనడా తూర్పు కొసన, నోవా స్కోషియాలోని యార్మత్ కౌంటీలో, లిటిల్ రివర్ హార్బర్ చుట్టుపక్కల 19వ శతాబ్దంలో తయారైన జాతి. కుక్కల జాతుల్ని నమోదు చేసే కెనడియన్ కెన్నెల్ క్లబ్ 1945లోనే గుర్తించింది, అమెరికన్ కెన్నెల్ క్లబ్ పూర్తి గుర్తింపు ఇచ్చింది మాత్రం 2003లో. వేటలో పడ్డ పక్షిని నోట కరుచుకుని తెచ్చిచ్చే రిట్రీవర్ జాతులన్నిటిలోకీ చిన్నది ఇదే, సుమారు 16 నుంచి 23 కిలోలు ఉంటుంది. ఎర్రటి బొచ్చు, ఛాతీ మీదా పాదాల మీదా తోక చివరా కాస్త తెలుపు. దీన్ని చూసి "ఓ, చిన్న గోల్డెన్ రిట్రీవర్ కదా" అనేవాళ్ళే ఎక్కువ. కాదండీ, చాలా తేడా ఉంది, ఆ తేడా ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఇది చేసే పనేంటో చూడాలి.

వేటగాడు నీటి ఒడ్డున పొదచాటున దాక్కుని ఓ కర్రముక్క బయటికి విసురుతాడు. కుక్క ఎగిరి గంతేసి, తోక ఆడించుకుంటూ ఒడ్డు వెంట పరిగెత్తి, దాన్ని తెచ్చి ఇస్తుంది, మళ్ళీ విసురుతాడు, మళ్ళీ తెస్తుంది, ఇలా ఎంతసేపైనా. దూరంగా నీళ్ళ మధ్యలో ఉన్న అడవి బాతులకి ఈ సంబరమేంటో చూడాలనిపించి మెల్లగా ఒడ్డుకి ఈదుకుంటూ వస్తాయి. ఇలా ఊరించి రప్పించడమే టోలింగ్. నక్కలు కూడా ఇలాగే గంతులేసి బాతుల్ని దగ్గరికి రప్పిస్తాయని అక్కడివాళ్ళు చెబుతారు. బాతులు తుపాకీ దూరంలోకి రాగానే వేటగాడు లేచి నిలబడతాడు, అవి పైకి ఎగురుతాయి, కాలుస్తాడు, పడ్డదాన్ని ఈదుకెళ్ళి తెచ్చేది కూడా ఈ కుక్కే.

అంటే లాబ్రడార్ తుపాకీ పేలేదాకా కదలకుండా కూర్చోవాలి, టోలర్ పేలకముందు నుంచీ ఆడుతూనే ఉండాలి. ఆటంటే అలసిపోని కుక్కల్నే ఏరి ఏరి తరాల తరబడి పిల్లల్ని పెట్టించారు కాబట్టి, మీ ఇంట్లో అది సోఫా చుట్టూ తిరుగుతూ మీ చేతిలోకి బొమ్మ తోస్తుంటే అది అల్లరి కాదు, దాని ఉద్యోగం అది చేస్తోంది. ఆ ఉద్యోగానికి అవతల ఒక మనిషి కావాలి. పెద్ద దొడ్డి ఉంది, వదిలేస్తే అదే పరిగెడుతుందిలే అనుకునేవాళ్ళకి ఇది సరిపడదు.

నేర్పించేటప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. ఒకే పని పదిసార్లు చేయించినా గోల్డెన్ చేస్తుంది, మిమ్మల్ని సంతోషపెట్టడమే దానికి చాలు. టోలర్ నాలుగోసారికి కిటికీలోంచి బయటికి చూస్తుంది. దానికి రాక కాదు, వచ్చేసింది కాబట్టి. నాలుగైదు నిమిషాల్లో ఆపేయండి, అదీ అది బాగా ఊపులో ఉన్నప్పుడు. పిలిస్తే రావడం నేర్పాలంటే గది మధ్యలో నిలబడి పిలవడం కన్నా తలుపు వెనక దాక్కుని పిలవండి, దొరకగానే బంతి విసరండి, దాక్కున్న మనిషిని వెతుక్కుంటూ రావడం దాని రక్తంలోనే ఉంది. గట్టిగా అరిచారా, మీతో ఆడటమే మానేస్తుంది, ఆ అలక పోవడానికి చాలా టైమ్ పడుతుంది.

ఇక ఆ కేక సంగతి. దాన్ని పూర్తిగా మాన్పించలేం, తగ్గించగలం. బంతి ఎత్తి పట్టుకుని మా దాన్ని గమనిస్తే, ముందు తోక ఆగిపోతుంది, చెవులు ముందుకొస్తాయి, ముందు కాలొకటి గాల్లోకి లేస్తుంది, కింది దవడ సన్నగా వణుకుతుంది, ఆ తర్వాతే కేక. ఆ వణుకు కనబడగానే బంతి వెనక్కి దాచేసి కదలకుండా నిలబడతాను. నోరు మూసిన క్షణంలో విసురుతాను. మొదట్లో ఒక్క రెప్పపాటు మౌనం చాలు, తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. అరుస్తుండగా మాత్రం ఒక్కసారి కూడా విసరకూడదు, ఇంట్లో పిల్లలకీ ఇదే చెప్పండి. "నో" అని మీరు అరిస్తే మీరూ దాని సంబరంలో చేరారనుకుంటుంది.

బంతి కూడా అదే పనిగా విసరకండి. గంటసేపు విసిరితే అలసిపోయి పడుకుంటుందనుకుంటాం, కానీ ఇంకా రెచ్చిపోతుంది. దానికన్నా ఈత మంచిది, లేదంటే తిండి గింజల్ని గడ్డిలో చల్లి వాసన పట్టి వెతుక్కోమనండి. ఆ తర్వాత చాప మీద పడుకుని ఊరికే ఉండటం కూడా నేర్పాలి, దీనికి అది దానంతటదే రాదు.

కొత్తవాళ్ళ దగ్గర ఇది కాస్త వెనకాడుతుంది. మేముండే నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్‌లో తెలుగువాళ్ళు ఇంటికొస్తే ఒక విచిత్రం చూస్తుంటాను. కుక్కలంటే ప్రేమ ఉన్నవాళ్ళు వంగి తల నిమరబోతే ఇది బల్ల కిందకి పోతుంది, కుక్కంటే భయపడి దానివైపు చూడకుండా ఓ మూల కూర్చున్న పిన్నిగారి పక్కకి మాత్రం తనంతట తనే వెళ్ళి వాసన చూస్తుంది. కాబట్టి వచ్చినవాళ్ళకి ముందే చెప్పండి, చూడొద్దు, చేయి చాపొద్దు, కూర్చోండి అని. ఊరికే ఉన్నప్పుడు దాని ముఖం దిగులుగా ఉంటే కంగారు పడకండి, పని మొదలయ్యేదాకా కొంచెం విచారంగా కనబడటం ఈ జాతి లక్షణమని జాతి ఎలా ఉండాలో చెప్పే బ్రీడ్ స్టాండర్డ్‌లోనే రాసుంది.

బొచ్చు రెండు పొరలు, వారానికోసారి దువ్వితే చాలు, చెవుల వెనక మాత్రం చిక్కులు పడకుండా చూసుకోవాలి. ఎండాకాలమని గొరిగించొద్దు. అట్లాంటిక్ తీరంలో ఉండేవాళ్ళు బయట తిప్పి తెచ్చిన ప్రతిసారీ పిడుదుల కోసం కాళ్ళ సందులు వెతకాలి, నోవా స్కోషియాలో పిడుదులు కుట్టడం వల్ల వచ్చే లైమ్ జబ్బు ఎక్కువ.

ఆరోగ్యం విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. కొద్ది కుక్కల నుంచే పెరిగిన జాతి కావడంతో రోగనిరోధక వ్యవస్థ తనమీదే తిరగబడే జబ్బులు వీటిలో ఎక్కువ. అడిసన్స్, అంటే అడ్రినల్ గ్రంథులు సరిపడా హార్మోన్లు తయారుచేయలేని జబ్బు అయితే వాంతులు, నీరసం, వణుకు వస్తూ పోతూ ఉంటాయి, కడుపులో బాగోలేదులే అని వదిలేస్తాం. దాన్ని పట్టిచ్చే ఏసీటీహెచ్ రక్తపరీక్ష చేయమని వెట్‌ని మీరే అడగండి, తెలిస్తే మందులతో చక్కగా బతుకుతుంది. ఏడాది, ఏడాదిన్నర లోపు కుక్క జ్వరంతో మెడ తిప్పలేకపోతే అది మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) కావచ్చు, ఆ రోజే తీసుకెళ్ళండి. కుక్కపిల్లని కొనేముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, కంటి పరీక్షలు, మెల్లగా చూపు పోగొట్టే పీఆర్ఏ అనే కంటి జబ్బుకీ చిన్న వయసులో వచ్చే అడిసన్స్‌కీ చేసిన డీఎన్ఏ రిపోర్టులు కాగితం మీద చూపించమనండి. వీలైతే తల్లి కుక్క కొత్తవాళ్ళ ముందు ఎలా ఉంటుందో కూడా వెళ్ళి చూడండి. ఇవేవీ చూపించకుండా రేపే పిల్లని ఇచ్చేస్తామనేవాళ్ళ దగ్గర కొనొద్దు, వేరేచోట నెలల తరబడి ఆగాల్సి వచ్చినా సరే.