పోనీ పుస్తకాల బొమ్మలు చూసి గుర్రం గీయడం నేర్చుకొనే పద్ధతి

పిల్లలకు గుర్రం బొమ్మ నేర్పాలనుకొనేవారికి నేను ముందుగా చెప్పేది, ముఖంతో కాక కాళ్లతో మొదలుపెట్టమని. ఇంగ్లండులోను అమెరికాలోను పిల్లల పోనీ (పొట్టి జాతి గుర్రం) కథలకు బొమ్మలు వేసిన పాత చిత్రకారుల పేజీలను నిదానంగా చూస్తే, వారు గుర్రం బరువును ఎంత శ్రద్ధగా నేలమీద నిలబెట్టారో కనిపిస్తుంది. తిరుపతిలో ఇంటి దగ్గర చిత్రలేఖనం నేర్పుతూ నేను అనుసరించే పద్ధతి ఇది.

మొదట పుస్తకం ఎంచుకోవాలి. అన్నా సువెల్ 1877లో వెలువరించిన ‘బ్లాక్ బ్యూటీ’కి ఎందరో బొమ్మలు వేశారు కాబట్టి, అట్టమీది బొమ్మను నమ్ముకోక, లోపలి మొదటి పేజీలో చిత్రకారుడి పేరు చూసుకోవాలి. 1912 ముద్రణకు సెసిల్ ఆల్డిన్, 1915 ముద్రణకు లూసీ కెంప్-వెల్చ్ బొమ్మలు వేశారు. వీటిలో నాకు ఎక్కువ ఇష్టమైనవి లూసీ బొమ్మలు. స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పోవెల్‌కు చెందిన బ్లాక్ ప్రిన్స్ అనే నల్ల గుర్రాన్ని నమూనాగా పెట్టుకొని ఆమె వాటిని వేశారు. అచ్చమైన పోనీ కావాలంటే లయొనెల్ ఎడ్వర్డ్స్ బొమ్మలతో 1929లో వచ్చిన ‘మూర్‌లాండ్ మౌసీ’, వెస్లీ డెన్నిస్ బొమ్మలతో 1947లో వచ్చిన ‘మిస్టీ ఆఫ్ చింకొటీగ్’ చూడండి. చిన్న పిల్లలకైతే సి. డబ్ల్యు. ఆండర్సన్ కథ, బొమ్మలు రెండూ తానే సమకూర్చి 1936లో ప్రారంభించిన బిల్లీ, బ్లేజ్ పుస్తకాలు చాలు.

పుస్తకం తెరిచాక, దౌడు తీసే గుర్రాన్ని వదిలిపెట్టి, పక్కకు తిరిగి నిలబడిన పోనీ బొమ్మను ఎంచుకొని, దానిమీద ట్రేసింగ్ పేపరు పరచి, కీళ్లున్న చోట్ల మాత్రమే చుక్కలు పెట్టించండి. పిల్లలు తడబడేది వెనుక కాలి దగ్గరే. అక్కడ వెనక్కు మడత పడినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్టకు దగ్గరగా ఉంటుంది. ముందుకాలికి మోకాలని మనం అనుకొనేది మన మణికట్టుతో సమానం. డెక్క ఒకే ఒక్క వేలి గోరు. నా దగ్గరికి వచ్చే ఆరో తరగతి పాపకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరకు మునివేళ్లమీద నిలబడమని, నేలకు అంటకుండా లేచిన తన మడమను చేత్తో తడిమి చూసుకోమని చెప్పాను. ఆ తరువాత ఆమె గీసిన వెనుక కాలు ఎన్నడూ బల్ల కాలిలా నిటారుగా లేదు.

ఇక కొలత. మామూలు గుర్రానికి మూపు (మెడ, వీపు కలిసే చోటు) వరకు ఎత్తు సుమారు రెండున్నర తలల పొడవు ఉంటుంది. మూపు దగ్గర 147 సెంటీమీటర్లకు మించనిదాన్ని సాధారణంగా పోనీ అంటారు. కానీ పెద్ద గుర్రాన్ని కుదించినంత మాత్రాన పోనీ అయిపోదు. కాళ్లు పొట్టిగా, పొట్ట గుండ్రంగా, మెడ మందంగా, జూలు ఒత్తుగా ఉండాలి.

దౌడు తీసే బొమ్మకు తరువాత రావచ్చు. నాలుగు కాళ్లూ ముందుకూ వెనక్కూ బారచాచి గాలిలో తేలినట్టు గీసే పాత అలవాటు తప్పని 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు నిరూపించాయి. నాలుగు డెక్కలూ నేలను వదిలే క్షణంలో కాళ్లు పొట్టకిందకు ముడుచుకొని ఉంటాయి.

కీళ్లు చేతికి వచ్చాక పుస్తకం మూసి, జ్ఞాపకం నుంచి గీయించండి. ఇందుకు మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని గమనించమంటాను. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో తేలికగా ఆకారం గీసుకొని, తరువాత ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగులో కలం ముంచి గీత లాగుతారు. ఆ గీతను చెరపడానికి వీలుండదు. పిల్లలచేత కూడా బొగ్గుతో ఎన్నిసార్లయినా దిద్దించి, సిరాతో మాత్రం ఒక్కసారే గీయించాలి. బ్రహ్మోత్సవాలలో వాహనానికి ముందు నడిచే గుర్రాలను చూసే అవకాశం వస్తే, ముఖానికి కట్టిన అలంకారం వైపు కాక, డెక్క నేలను తాకే తీరు వైపు వారి చూపు మళ్లించండి.

కన్ను అన్నిటికన్నా చివర వేయించాలి. అది తలకు పక్కగా ఉంటుంది. కంటిపాప మనదిలా గుండ్రంగా కాక అడ్డంగా సాగి ఉంటుంది. దాన్ని నల్లగా నింపేటప్పుడు పై అంచున ఆవగింజంత తెలుపు వదిలిపెట్టమనండి.