హెచ్-ఇండెక్స్ లెక్కకు ముందు పేపర్ల జాబితా సరిచేసుకోవడం ఎలా

హెచ్-ఇండెక్స్ 6 అంటే, ఆ పరిశోధకుల పేపర్లలో ఆరింటికి ఒక్కోదానికీ కనీసం ఆరు సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, ఉన్నాయని. వైద్య పరిశోధకుల ప్రచురణల లెక్క తీసేటప్పుడు తప్పు దొర్లేది ఎక్కువగా కూడికలో కాదు, పేరు దగ్గర. వైద్య పరిశోధనా పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో 2002కు ముందు రికార్డుల్లో రచయిత ఇంటిపేరు, పొడి అక్షరాలే ఉంటాయి. ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు డాక్టర్ల పేపర్లు ఒకరి ఖాతాలో పడిపోవడం మామూలే. ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్లయితే ఏది ఇంటిపేరో జర్నలే తారుమారు చేసేస్తుంది. కాబట్టి పేరు ఎన్ని రకాలుగా అచ్చయ్యే వీలుందో అన్నీ రాసుకుని, ఒక్కో రూపాన్నీ విడిగా వెతకండి.

ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే పని తేలిక. అందులో 16 స్థానాలు. చివరి స్థానంలో అంకెకు బదులు ఎక్స్ కనిపిస్తే తప్పుపడిందనుకోవద్దు, అది సరిచూసే గుర్తు. అయితే ఆర్కిడ్ వచ్చిందే 2012లో, పైగా పేజీ నింపుకోవాల్సింది ఆ పరిశోధకులే. అక్కడ లేనంత మాత్రాన పేపర్ లేనట్టు కాదు.

ఇప్పుడు ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి పేపర్‌కో వరుస కేటాయించండి: డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చే నంబరు), సంవత్సరం, రచయితల్లో ఎన్నో స్థానం, పేపర్ రకం. రకం గడి ఖాళీగా వదలొద్దు. ఎడిటర్‌కు రాసిన ఉత్తరం, కేస్ రిపోర్ట్, సమీక్షా వ్యాసం, ట్రయల్ ఫలితాలు ఒకే తూకానివి కావు. పెద్ద ట్రయల్స్‌లో పేరు రచయితల వరుసలో కాకుండా కింద కొలాబరేటర్ల జాబితాలో ఉండొచ్చు. వాటిని వేరే షీట్‌లో పెట్టండి. ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి), దాని జర్నల్ రూపం కలిపి ఒకటే పేపర్. వాటికి డీఓఐలు వేరు కనుక డూప్లికేట్లు తీసేసే బటన్‌కు దొరకవు, శీర్షికలు కంటితో చూసుకోవాల్సిందే.

జాబితా తేలాకే సైటేషన్ల జోలికి వెళ్లండి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లలో వచ్చిన ప్రస్తావనలు కూడా లెక్కేస్తుంది కాబట్టి సైటేషన్లు లెక్కించే ఇతర డేటాబేస్‌లు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ కంటే అంకె పెద్దగా ఉంటుంది. ఒక పేపర్‌కు అక్కడి అంకె, మరోదానికి ఇక్కడి అంకె తీసుకుంటే మొత్తం లెక్క చెత్తబుట్టలోకే. స్కాలర్ ప్రొఫైల్‌లో పేపర్లు వాటంతటవే చేరే ఏర్పాటును ఆపి, ముందు మెయిల్ వచ్చే ఏర్పాటు పెట్టుకోండి. లేకపోతే అదే పేరున్న వేరొకరి పేపర్లు చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంటాయి. స్కోపస్‌లో దీనికి ఎదురు బాధ: ఉద్యోగం మారిన మనిషి రెండు ఆథర్ ఐడీలుగా చీలిపోవచ్చు. రెండూ కలపమని అడగాలి.

1955లో యూజీన్ గార్ఫీల్డ్ సైటేషన్ ఇండెక్స్ ఆలోచన చెప్పిన యాభై ఏళ్లకు, 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించినదే హెచ్-ఇండెక్స్. పది పేపర్లకు సైటేషన్లు పెద్ద నుంచి చిన్నకు 48, 31, 19, 12, 9, 7, 6, 4, 2, 0 అనుకోండి. ఆరో పేపర్‌కు 7 ఉన్నాయి, ఆరు దాటింది. ఏడోదానికి 6 మాత్రమే, చాల్లేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. పదికి తగ్గకుండా సైటేషన్లున్న పేపర్లు నాలుగు గనుక, అలాంటి పేపర్లను లెక్కించే ఐ10 విలువ 4. మొదటి పేపర్ 48 నుంచి 1,000కి ఎగబాకినా హెచ్ 6 దగ్గరే ఉంటుంది. ఏడో పేపర్‌కు ఒక్కటంటే ఒక్క సైటేషన్ వస్తే 7 అవుతుంది. స్వీయ సైటేషన్లు (తమ పాత పేపర్లను తామే ప్రస్తావించడం) అంకెను ఎక్కడ జరుపుతాయో దీన్ని బట్టే అర్థమవుతుంది. స్కోపస్ సైటేషన్ ఓవర్‌వ్యూలో వాటిని తీసేసే వీలుంది. తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి చూడండి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మాత్రం మనిషి లెక్కలోకి లాగొద్దు. అది జర్నల్ పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటు. కొద్ది పేపర్లే అందులో పెద్ద వాటా మోస్తాయి. రంగాలను పోల్చాలంటే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ల ఐసైట్‌లో పీఎంఐడీలు వేస్తే, పేపర్ సైటేషన్లను దాని రంగంతో పోల్చే రిలేటివ్ సైటేషన్ రేషియో ఉచితంగా వస్తుంది. అందులో 1.0 అంటే ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థ స్థాయి.

ఆఖరున ప్రతి పీఎంఐడీనీ పబ్‌మెడ్‌లో తెరిచి రిట్రాక్షన్ నోటీసు ఉందేమో చూడండి. వెనక్కి తీసుకున్న పేపర్లకూ సైటేషన్లు వస్తూనే ఉంటాయి, మొత్తంలో అవీ కలిసే కనిపిస్తాయి. రిపోర్టులో అంకె పక్కనే డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయండి: «స్కోపస్, ఫలానా తేదీ, స్వీయ సైటేషన్లు కాకుండా, హెచ్-ఇండెక్స్ 6».