రెండు 555 ఆసిలేటర్లను ఒకే లయకు తేవడం ఎలా?

నాగార్జునసాగర్‌లో టర్బైన్ తిరగ్గానే జనరేటర్‌ను గ్రిడ్‌కు కలపరు. వేగాన్ని 50 హెర్ట్జ్‌కు దగ్గర చేసి, ఫేజ్, అంటే రెండింటి అలల ఎత్తుపల్లాలు, కుదిరాకే బ్రేకర్ వేస్తారు. ఆ తర్వాత దాన్ని లయ తప్పనివ్వకుండా పట్టుకునేది గ్రిడ్డే. అలాంటి పట్టును బ్రెడ్‌బోర్డు మీద కూడా చూడొచ్చు. నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో సామాను తెచ్చుకుంటే సరి.

ముందు 555 టైమర్ ఐసీలతో రెండు ఆసిలేటర్లు, అంటే వాటంతటవే ఒక లయలో ఆన్, ఆఫ్ అయ్యే సర్క్యూట్లు, కట్టండి. ఒక్కోదానిలో 8, 7 పిన్నుల మధ్య 10 కిలో ఓమ్‌లు, 7, 6 మధ్య 68 కిలో ఓమ్‌లు పెట్టాలి. 2, 6 పిన్నులు కలపాలి. అక్కడి నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటరు. 4ను 8కి కలిపి, 3 నుంచి గ్రౌండుకు 470 ఓమ్‌ల రెసిస్టరుతో ఎల్‌ఈడీ పెట్టండి. 8కి 9 వోల్టుల సప్లయి, 1కి గ్రౌండు. ఎల్‌ఈడీ సెకనుకు దాదాపు ఒకసారి వెలుగుతుంది. రెండోదానిలో మాత్రం 68 బదులు 47 కిలో ఓమ్‌ల రెసిస్టరు, దానికి వరుసగా 47 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టరు).

రెండింటినీ ఇప్పుడే ఒకదానితో ఒకటి కలపకండి. 555 మారే క్షణంలో సప్లయి నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కుదుపు పక్క ఐసీకి చేరి, మీరు కలపకుండానే రెండూ లయ కలపొచ్చు. అది దొంగ సింక్. అందుకే ఒక్కో ఐసీకి 1, 8 పిన్నుల దగ్గరే 100 నానోఫారడ్, సప్లయికి 100 మైక్రోఫారడ్ పెట్టి, రెండు ఎల్‌ఈడీలూ దేని దారిన అవి వెలుగుతున్నాయో లేదో చూసుకోండి.

తర్వాత మొదటిదాని 3వ పిన్ను నుంచి రెండోదాని 5వ పిన్నుకు 47 కిలో ఓమ్‌లు, రెండోదాని 3 నుంచి మొదటిదాని 5కు ఇంకొకటి. కెపాసిటరు ఎంత వోల్టేజీ దగ్గర ఆగాలో చెప్పేది 5వ పిన్ను. పక్కదాని 3వ పిన్ను వోల్టేజీ ముందుగా పడిపోతే ఇక్కడి హద్దూ కాస్త దిగుతుంది, ఇదీ త్వరగా పడిపోతుంది. పక్కది లేస్తే హద్దు పెరిగి ఇదీ త్వరగా లేస్తుంది. వెనకబడ్డదాన్ని ముందుది లాక్కుపోవడమంటే ఇదే.

ఎల్‌ఈడీలు కలిసి వెలిగాయని సంబరపడొద్దు, ప్రీసెట్‌ను మెల్లగా తిప్పండి. కొంత దూరం వరకు జత వీడదు. అంచు దాటితే కాసేపు కలిసి నడిచి, జారి, మళ్లీ కలుస్తాయి. రెండింటినీ కలిపే 47 కిలో ఓమ్‌ల బదులు 22 పెడితే ఆ అంచు దూరం జరుగుతుంది, 100 పెడితే దగ్గరవుతుంది. మరీ తగ్గిస్తే హద్దులు ఎక్కువగా ఊగి, ఇద్దరి వేగమూ మారిపోతుంది. 22 దగ్గర ఆగడం మేలు.