కెమెరా తెచ్చే ముందే సీన్‌ని కాగితం మీద తీయడం ఎలా?

షార్ట్ ఫిల్మ్ తీస్తామని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ముందు స్టోరీబోర్డ్, అంటే షాట్లని వరసగా గీసిన బొమ్మలు చూపిస్తారు. బొమ్మలు బాగానే ఉంటాయి. "ఈ అబ్బాయి కుర్చీలోంచి లేచి ఎటు వెళ్తాడు?" అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కో-డైరెక్టర్‌గా నేను మొదట అడిగేది బొమ్మలు కాదు, నేల ప్లాన్, అంటే ఎవరు ఎక్కడుంటారో, ఎటు నడుస్తారో పైనుంచి చూపించే గీత బొమ్మ.

ఒక సీన్ అనుకుందాం. తెనాలిలో పాత పెంకుటిల్లు, తూర్పు వాకిలి. పొలం అమ్మేద్దామని కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. తండ్రి వాలుకుర్చీలో ఉన్నాడు. తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని సీన్ పైకి చదవండి. పేజీకి నిమిషం అనే లెక్క హాలీవుడ్ స్క్రిప్టు పేజీది. ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగు రాసుకునే మన పేజీకి అది సరిపోదు. తండ్రి జవాబు చెప్పకుండా చుట్ట వెలిగించుకునే సమయం కూడా కలపండి.

తర్వాత తెల్లకాగితం మీద ఆ హాలుని పైనుంచి చూసినట్టు గీయండి. గుమ్మాలు, కిటికీలు, వాలుకుర్చీ అన్నీ రావాలి. మనిషికో సున్నా, మొహం ఉన్న వైపు చిన్న ముక్కు, నడిస్తే బాణం. తండ్రి సున్నానీ కొడుకు సున్నానీ కలుపుతూ గీత గీయండి. కెమెరా ఆ గీతకి ఒక పక్కనే ఉన్నంతసేపూ ఇద్దరి చూపులూ కలుస్తాయి. అవతలికి దూకితే ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తల్లి నోరు విప్పగానే ఇంకో గీత పుడుతుంది. సరిగ్గా అప్పుడు కొడుకుని లేపి గుమ్మం వైపు నడిపిస్తే కెమెరా అతని వెంటే పాత గీత దాటేస్తుంది, కట్ కూడా అక్కర్లేదు. ఒక్క సీన్ ప్లాన్‌కి సాయంత్రమంతా పట్టినా తొందరపడకండి. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇప్పుడు బొమ్మలు. స్కోప్‌లో, అంటే బాగా వెడల్పాటి ఫ్రేమ్‌లో తీస్తుంటే 12 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గళ్లు గీసుకోండి. పుల్లమనుషులు చాలు. బాపు గారి చెయ్యి అందరికీ ఉండదు కదా! అదీ రాకపోతే రెక్కీకి, అంటే లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఇద్దరు అసిస్టెంట్లని నటుల స్థానాల్లో నిలబెట్టి ఫోన్‌తో ఫొటోలు తీయండి. చాలా ఫోన్ల మెయిన్ కెమెరా, పెద్ద సెన్సార్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 24-26 ఎం.ఎం. లెన్స్‌తో సమానం, దగ్గరికి వెళ్తే ముక్కు సాగుతుంది. క్లోజప్‌లకి 2ఎక్స్ పెట్టండి. సినిమా కెమెరాల్లో ఎక్కువగా ఉండే సూపర్ 35 సైజు సెన్సార్ మీద 35 ఎం.ఎం. లెన్స్ వేస్తే దాదాపు అదే ఫ్రేమ్.

రెక్కీకి షూటింగ్ టైముకే వెళ్లాలి. తూర్పు వాకిలి ఇంట్లో పొద్దున ఏడింటికి నేల మీద సాగే ఎండ పదకొండింటికి ఉండదు. మే నెలలో ఆ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు బయట నిలబెడితే కళ్ల కింద నీడలే. పక్కన రైసు మిల్లు ఉందా, గుడి మైకు ఎప్పుడు మోగుతుంది అని ఇంటివాళ్లని అడగండి.

ఫొటోలని వరసగా ఫోన్ ఎడిటింగ్ యాప్‌లో వేసి, డైలాగులు మీ గొంతుతోనే చదివి కలపండి. సీన్ ఎక్కడ సాగుతోందో అప్పుడు తెలుస్తుంది. నా అనుభవంలో ముందు ఎగిరిపోయేవి గడియారం క్లోజప్, ఫ్యాన్ క్లోజప్.

మిగిలిన షాట్లని కథ వరసలో కాకుండా లైటింగ్ వరసలో రాయండి. కిటికీ వైపు చూసేవన్నీ ఒక గుంపు, వంటింటి వైపువి ఇంకో గుంపు. లైట్లు తిప్పడానికి పట్టే టైమే కాల్షీట్‌ని, అంటే ఆ రోజు షూటింగ్ టైముని తినేస్తుంది. తప్పనిసరి షాట్లకి ఎర్ర చుక్క పెట్టి, ఒక కాపీ కెమెరామేన్‌కి, ఒకటి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి, ఒకటి ఎడిటర్‌కి ఇవ్వండి. ఎడిటర్ ఇంకో రెండు షాట్లు కొట్టేయమంటాడు. వినండి.